తాడు కట్టిన ట్యాంకు

మోటారు ఆగాక కూడా టిక్ టిక్‌మని చప్పుడు వినిపించింది. నాకు భయం మొదలైంది అక్కడే.

తెల్లవారితే రిపబ్లిక్ డే. ఆ పొద్దున బెల్లంపల్లిలో మా కాలనీ క్లబ్బు ముందరి చదును జాగాలో ట్యాంకును చివరిసారి నడిపి చూస్తున్నాం. నిజమైన యుద్ధ ట్యాంకు కాదు. మా క్వార్టర్ వెనక రేకుల షెడ్డులో మా మామగారు, నేను కలిసి చేసింది. మంచం కన్నా కొంచెం పొడుగు, నా నడుమంత ఎత్తు. కర్ర చట్రానికి డబ్బా రేకులు కొట్టి ముదురాకుపచ్చ రంగు వేశాం. పైన గుండ్రటి గూడు, దానికి ముందుకు చాచిన పైపు ఫిరంగి. ఆ గూట్లో నా పిల్లలిద్దరూ సిపాయి టోపీలు పెట్టుకుని నిలబడ్డారు. కూతురికి ఏడేళ్లు, కొడుకుకు ఐదు. నేను పక్కన నడుస్తూ, పొడుగాటి వైరుకు కట్టిన స్విచ్చుల డబ్బాను చేతిలో పట్టుకున్నాను. కుడివైపు చక్రాల చుట్టూ తిరిగే పట్టాకు ఒక స్విచ్చు, ఎడమవైపు పట్టాకు ఒకటి. రెండూ ఆపేశాను. మోటార్ల రొద ఆగింది. ట్యాంకు మాత్రం ఇంకో మూరెడు ముందుకు జరిగి అప్పుడు నిలబడింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ మూరెడు దూరంలో, చప్పట్ల మధ్యలో, నాకా టిక్ టిక్ వినబడింది.

ఆ చప్పుడు ఎరగనివాళ్లుండరు. సైకిల్ వాలులో దిగుతున్నప్పుడు కాళ్లు కదపకుండా ఊరుకుంటే వెనక చక్రంలోంచి వచ్చేది అదే. చిన్నప్పుడు కరీంనగర్‌లో బాపు నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోయేవాడు. దిగుడు రాగానే కాళ్లు ఆపి, "ఇగ అదే పోతది సూడు బిడ్డా" అనేవాడు. ఆ టిక్ టిక్ కోసం నేను దారంతా ఎదురుచూసేదాన్ని. ఎవరూ తొక్కడం లేదు, అయినా సైకిల్ పోతూనే ఉంది అని చెప్పే చప్పుడు అది. సైకిల్‌కైతే బ్రేకు ఉంటుంది. మా ట్యాంకుకు లేదు.

రేపు పొద్దున అది క్లబ్బు నుంచి గ్రౌండు దాకా, పిల్లలను ఎక్కించుకుని, ఊరేగింపులో పోవాలి. మధ్యలో వాలు దారి ఉంది. ఆ వాలు కింద మురుగునీళ్ల మోరీ, మోరీకి నడుమెత్తు రాతిగోడ, అక్కడే మలుపు.

"ఇది దిగుట్ల ఆగది," అన్నాను మా ఆయనతో. ఆయన గని వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. ట్యాంకులో బ్యాటరీలు, వైర్లు ఆయన బిగించినవే. డ్యూటీకి పోవడానికి అప్పటికే సైకిల్ స్టాండు తీశాడు.

"ఇప్పుడే గదనే ఆగింది, నీ కండ్ల ముంగటనే."

"ఇది చదును. నేను దిగుడు సంగతి చెప్తున్న."

"నీకు అన్నిటికి భయమే. మొన్న పిలగాడు జామచెట్టెక్కితే గూడ గిట్లనే మొత్తుకున్నవు."

"మొన్న వాడు పడ్డడు గదా?"

ఆయన నవ్వి, సైకిలెక్కి వెళ్లిపోయాడు. వెనక చక్రం టిక్ టిక్‌మంటూ మలుపు దాకా వినిపించింది.

నాకు భయం ఎక్కువే. పిల్లలు పడుకున్నాక ముక్కుల దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తాను. ఇది రాస్తూ కూడా ఇప్పటికే ఒకసారి లేచి వెళ్లి చూసి వచ్చాను. మా అత్త, మా ఆయన, కాలనీలో సగం మంది ఈ విషయం మీద నన్ను ఆటపట్టిస్తారు. పట్టించనీ. ఆ రోజు క్లబ్బు ముందు అంతమంది ఉన్నారు, అందరికీ చెవులున్నాయి. ఆ చప్పుడుకు ఉలిక్కిపడింది మాత్రం నేనొక్కదాన్నే.

అసలు ఈ ట్యాంకు మా ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలి.

అంతకు ముందటి ఏడు క్లబ్బులో కొత్తగా పెట్టిన టీవీలో ఢిల్లీ పరేడు చూపించారు. ట్యాంకులు వరుసగా పోతుంటే నా కొడుకు, "అమ్మా, గిది పాములెక్క పాకుతుందేంది?" అన్నాడు. ఇంటికొచ్చాక పాత సైకిల్ ట్యూబు ముక్కను రెండు డబ్బాలకు చుట్టి తిప్పి చూపించాను. తన ముందు తానే దారి పరుచుకుంటుంది, దాని మీద నడుస్తుంది, వెనక నుంచి ఆ దారినే మళ్లీ చుట్టుకుని ముందుకు తెచ్చుకుంటుంది అన్నాను. మంచం మీద కూర్చుని బీడీ తాగుతున్న మామ అంతా విన్నాడు. గనిలో హాలేజీ ఇంజను నడిపి అప్పటికి కొద్ది నెలల కిందటే రిటైరయ్యాడు. బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుకు కట్టి, ఏటవాలు సొరంగంలో పైకి లాగడం, కిందికి దించడం ఆయన చేసిన పని. ఇంట్లో ఖాళీగా కూర్చోవడం ఆయనకు పట్టలేదు.

"బీఎస్సీ సదివినవు గద పిల్లా. పెద్దగ చెయ్యి మల్ల, సూద్దాం," అన్నాడు.

వెటకారానికే అన్నాడు. నేను మాత్రం మర్నాడే గుమ్మం ముందున్న కాలుతుడుపు పట్టా ఎత్తి కొలిచాను. మా కాలనీలో ప్రతి గుమ్మం ముందూ ఒకటుంటుంది. గనిలో బొగ్గు మోసి మోసి అరిగిపోయిన కన్వేయర్ బెల్టు ముక్క. వేలెడు మందం, లోపల గుడ్డ పొరలు, ఎంత లాగినా సాగదు. ట్యాంకు కాళ్లకు అంతకన్నా ఏం కావాలి? మామ అది చూసి బీడీ పారేసి లేచాడు. ఆ రోజు నుంచి ఇద్దరం జట్టు. చుట్టుపక్కల ఇళ్ల గుమ్మాల ముందు పట్టాలు ఒక్కొక్కటే మాయమై మా షెడ్డులో చేరాయి.

పట్టాల పని నాది. పొడుగ్గా కోసి, అడ్డంగా టేకు చెక్కలు బోల్టులతో బిగించాను. చెక్కలు కర్రకోత మిషన్ దగ్గర పారేసినవి. వెనక ఉండే పెద్ద చక్రానికి చుట్టూ ఇనుప మేకులు లేపి, పట్టాకు ఆ మేకులు దూరేలా బెజ్జాలు పెట్టాను. చక్రం తిరిగితే మేకులు బెజ్జాల్లో పడి పట్టాను లాగాలి. కాగితం మీద లెక్క బాగానే ఉంది. చక్రం చుట్టుకొలతను మేకుల సంఖ్యతో భాగించి, అంత దూరానికొక బెజ్జం పెట్టాను. తిప్పితే నాలుగు మేకులు సరిగా పడ్డాయి, ఐదోది బెజ్జం అంచెక్కింది, ఆరోది పట్టాను పైకెత్తి పడేసింది.

"లెక్క తప్పింది," అన్నాడు మామ సంతోషంగా.

లెక్క తప్పలేదు. పట్టాకు మందం ఉంది. వంగినప్పుడు దాని పైవైపు సాగుతుంది, లోవైపు కుదించుకుపోతుంది. పరిచి కొలిచిన దూరం, చుట్టాక ఉండదు. జాకెట్టు కుట్టేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. చంక దగ్గర కొలత గుడ్డను బల్ల మీద పరిచి తీస్తే పనికిరాదు, ఒంటికి చుట్టి తీయాలి. నేను కొత్త పట్టాను చక్రానికి బిగుతుగా చుట్టి, ఒక్కో మేకు దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఆ గుర్తుల్లోనే బెజ్జాలు పెట్టాను. తిప్పితే ఒక్క మేకు కూడా తడబడలేదు. మామ రెండు చేతులతో పట్టాను ఎత్తి పట్టుకుని చాలాసేపు తిప్పాడు. బాగుందని అనలేదు. సాయంత్రం అత్తతో మాత్రం, "దీనికి చాయ్ జర మంచిగ పొయ్యి," అన్నాడట.

నడిపే పని ఆయనది. లారీ అద్దాలు తుడిచే వైపర్ మోటార్లు రెండు తెచ్చి, ఒక్కో వైపుకు ఒకటి బిగించి, సైకిల్ చైన్లతో వెనక చక్రాలకు కలిపాడు. ఆ మోటారుకు ఒక గుణం ఉంది. మోటారు తిరిగితే చక్రం తిరుగుతుంది కానీ, చక్రాన్ని పట్టుకుని తిప్పితే మోటారు తిరగదు. బిగుసుకుపోతుంది. అందుకే వేరే బ్రేకు అక్కర్లేదన్నాడు. కరెంటు ఆపితే చాలు, తాళం వేసినట్టు నిలబడుతుంది. అప్పుడది నిజమే.

చిక్కు మలుపు దగ్గర వచ్చింది. ఎడమకు తిప్పాలంటే ఎడమ మోటారు ఆపాలి. ఆపగానే ఎడమ పట్టా గడ్డకట్టినట్టు బిగుసుకునేది. కుడిది తోస్తుంటే ట్యాంకు నేలను గీరుతూ పక్కకు ఈడ్చుకుపోయేది. ఆ ఈడ్పుకు నా పట్టా చక్రాల మీద నుంచి ఊడి పక్కన పడేది. ప్రతి మలుపుకూ ఇదే. పట్టా పక్కకు జారకుండా ఆపే గైడు చెక్కలు పెంచాను, బిగువు పెంచాను, ఏడ్చాను కూడా.

మామ ఒకరోజు మంచిర్యాల పోయి, సైకిల్ వెనక చక్రాలకుండే ఫ్రీవీళ్లు రెండు పట్టుకొచ్చాడు. వెనక చక్రం ఇరుసు మీద మామూలు పళ్లచక్రం తీసేసి ఫ్రీవీల్ పెట్టాడు. ఇప్పుడు మోటారు ఆగినా ఆ వైపు పట్టా బిగుసుకోదు. సైకిల్ చక్రంలాగా దానంతట అది దొర్లుతుంది. ట్యాంకు ఎంత నెమ్మదిగా, ఎంత అందంగా తిరిగిందో! పట్టా ఒక్కసారి కూడా ఊడలేదు. నేను ఎగిరి గంతేశాను. ఊరేగింపుకు పనికొచ్చే బండి అయిందని క్లబ్బు సెక్రటరీ ఆ రోజే తేల్చేశాడు. ఏటా మా కాలనీ శకటం లారీ మీద నిలబెట్టిన బొమ్మ. ఈసారి తనంతట తాను నడిచే ట్యాంకు, పైన సిపాయి పిల్లలు. గ్రౌండులో గని పెద్దసార్లు చూస్తారు.

పట్టా ఊడకుండా చేసిన ఆ ఫ్రీవీలే ఇప్పుడు టిక్ టిక్‌మంటున్నది. మలుపులో పట్టాను వదిలేసేది, దిగుడులోనూ వదిలేస్తుంది. మోటారు తాళం వేసుకుని కూర్చుంటుంది, చక్రాలకు ఆ సంగతి తెలియదు.

ఇదంతా ఇంటికొచ్చాక మామకు చెప్పాను. ఆయన ఫిరంగికి రంగు మెరుగు పెడుతున్నాడు.

"మామా, ఒక్కసారి దిగుట్ల నడిపి చూడుండ్రి. పిల్లలు లేకుంట."

"తడి రంగు మీద దుమ్ము పడుతది."

"పడితే మల్ల ఏద్దాం."

"ముప్పై ఏండ్లు దిగుట్లనే బతికిన పిల్లా. ఇంజను ఆపితే బండి ఆగుతది. ఒక్కనాడు ఉరకలే. నువ్వు జరంత ఊకో, పొల్లగాండ్లను పరేషాన్ చెయ్యకు."

ఊరుకోలేదు. మామ అన్నం తిని పడుకున్నాక పక్క క్వార్టర్ అక్కను పిలిచాను. ఆమె మాటకు మా క్వార్టర్ల లైన్లో ఆడవాళ్లందరూ కదులుతారు. బొగ్గు ఎందుకు, ఎక్కడికి అని అడగకుండానే రెండు సంచుల్లో నింపుకొచ్చింది. ఒకటి కూతురి బరువు, ఒకటి కొడుకు బరువు. ఎత్తి చూసి మేమే అంచనా కట్టాం. సంచులను గూట్లో నిలబెట్టాక అక్క పిల్లల టోపీలు తెచ్చి వాటి మీద పెట్టింది.

"ఇగో, నీ బిడ్డ. మొకం జర నల్లబడ్డది, గంతే."

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. పిల్లలు కూడా నవ్వారు. కొడుకైతే తన సంచికి సెల్యూట్ కొట్టాడు. వాళ్లిద్దరినీ మా గుమ్మం మెట్టు మీద కూర్చోబెట్టి, దిగొద్దని ఒట్టు వేయించుకున్నాను. ట్యాంకును తోసుకుంటూ వాలు మొదట్లోకి తెచ్చాం.

స్విచ్చులు వేశాను. ట్యాంకు పొద్దున నడిచినట్టే, చెక్కలు టపటపలాడిస్తూ, బుద్ధిగా వాలులోకి దిగింది. మొదట్లో వాలు తక్కువ, ఏమీ జరగలేదు. నాకే సిగ్గేసింది. సగం దిగుడులో, వాలు పెరిగే చోటికి వచ్చాక రెండు స్విచ్చులూ ఆపాను.

టిక్. టిక్. తరవాత టిక్కుల మధ్య సందు లేదు.

నేను పక్కన నడుస్తున్నదాన్ని పరుగందుకున్నాను. చీర కాళ్లకు అడ్డం పడింది. డబ్బా వైరు బిగిసి చేతిలోంచి ఊడి ట్యాంకు వెంట ఎగురుకుంటూ పోయింది. "పట్టుండ్రీ!" అని అక్క అరిచింది. దేన్ని పట్టుకుంటాం? నా పట్టాలు మాత్రం ఊడలేదు. అంత వేగంలో కూడా చక్కగా, ఒక్క మేకు తప్పకుండా తిరుగుతున్నాయి. చూస్తూ ఉన్నాను. ట్యాంకు నేరుగా పోయి మోరీ గోడకు కొట్టుకుంది. గూడు విరిగి ముందుకు వాలింది. చిన్న సంచి గోడ మీదుగా ఎగిరి మోరీలో పడి చిరిగింది. బొగ్గు పెళ్లలు నీళ్లలో పడ్డ చప్పుడు ఒక్కొక్కటే వినిపించింది. టోపీ గోడ ఇవతల ఆగింది.

ఎవరూ నవ్వలేదు. మెట్టు మీది నుంచి నా కొడుకు వాళ్లక్కతో అనడం వినిపించింది. "అక్కా, నా సంచి పడ్డది."

నేను వెనక్కి నడిచి వాడి దగ్గరికి పోయాను. ఎత్తుకోలేదు. పక్కన కూర్చున్నాను.

చప్పుడుకు మామ లేచి వచ్చాడు. నాకేసి చూడలేదు. వాలు దిగి పోయి, ట్యాంకును పక్కకు ఒరిగించి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పాడు. టిక్ టిక్‌మని తిరిగింది. వెనక్కి తిప్పాడు. బిగుసుకుంది. మళ్లీ ముందుకు. అలా ఎన్నిసార్లు తిప్పాడో. తరవాత మోరీలోకి దిగి, నీళ్లలో చేయి పెట్టి, చిరిగిన సంచిని బయటికి తీసి గోడ మీద పెట్టాడు.

"తాడు లేదు," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఇంజను ఆపితే టబ్బు ఎందుకు ఆగుతది? తాడు పట్టుకుంటది గావట్టి ఆగుతది. ముప్పై ఏండ్లు నా టబ్బుల ఎనక తాడున్నది. గీ దాని ఎనక గూడ ఉన్నట్టే అనుకున్న. ఏడున్నది?" అని ట్యాంకు వెనకాల ఖాళీ దారిని చూపించాడు.

ఫ్రీవీళ్లు తీసేద్దామా అన్నాను. తీసేస్తే మలుపులో పట్టా ఊడుతుంది, పిల్లలతో సహా పక్కకు ఒరుగుతుంది. ఫ్రీవీల్‌ను దొర్లకుండా అతికిద్దామా అంటే అదీ ఇంతే. బ్రేకు పెట్టడానికి రాత్రికి రాత్రి కుదరదు. "తొందరల పెట్టిన బ్రేకును నేను నమ్మ," అన్నాడు మామ. "తాడు కడుదాం. ఎనక మనుషులు పట్టుకుంటరు. దిగుడు అయిపోయినంక ఇడుస్తరు."

ఆ సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి విరిగిన గూడు చూశాడు, చిరిగిన బొగ్గు సంచి చూశాడు, పిల్లలను దగ్గరికి తీసుకున్నాడు. తరవాత సుత్తి పట్టుకుని షెడ్డులోకి పోయాడు. గూడు నిలబడి, మళ్లీ రంగు పడేసరికి సెక్రటరీ వచ్చాడు. కబురు ఆయనకు అప్పటికే చేరింది.

"ఏమమ్మా, బంగారమసొంటి బండిని గోడకు గుద్దిచ్చినవట?"

"పిల్లలు లేనప్పుడు గుద్దిచ్చిన సార్."

"అయిందేదో అయింది, బాగైంది గదా. ఈ తాడేంది మల్ల?" షెడ్డులో చుట్టి పెట్టిన మోకును చూసి అడిగాడు. మామ చెప్పాడు. సెక్రటరీ ముఖం మాడ్చుకున్నాడు.

"ట్యాంకుకు తాడు కట్టుడా? అదేమన్న బర్రెనా? పెద్దసార్లు ఏమనుకుంటరు? కాలనీ ఇజ్జత్ పోతది."

"బర్రె అయితే అదిలిస్తే ఆగుతది సార్," అన్నాను. "ఇది ఆగది."

"ఇద్దరు ముగ్గురు పోరగాండ్లను పక్కన ఉరికిస్త. పట్టుకుంటరు."

"ఇయ్యాల నేను పక్కన్నే ఉన్న. పట్టుకోలే."

"నువ్వు ఆడిమనిషివి."

"బరువుకు నేను ఆడిదాన్నని తెల్వది సార్."

మామ గట్టిగా దగ్గాడు. నవ్వు అని నాకు తెలుసు. సెక్రటరీ నన్ను వదిలేసి ఆయన వైపు తిరిగాడు. "నీ కోడలు భయం ఈ లైనంతటికి తెలుసు. సరే, మీ పిల్లలను ఎక్కియ్యకుండ్రి. టోపీ పెడితే ఎవలైనా సిపాయే. పై లైన్ల శానమంది ఉన్నరు, రమ్మంటె ఉరికొస్తరు."

అప్పటిదాకా నాకున్నది నా పిల్లల గురించిన భయం. ఆ మాటతో కోపం వచ్చింది. పై లైన్లో ఏ పిల్లల తల్లి ఆ టిక్ టిక్ వినలేదు, ఆ బొగ్గు నీళ్లలో పడడం చూడలేదు. సంతోషంగా తల దువ్వి, బొట్టు పెట్టి పంపిస్తుంది.

నేను ట్యాంకు పక్కన కూర్చున్నాను. పట్టా రెండు కొసలూ తలుపు కీలులాగా ఒకదాంట్లో ఒకటి దూరి, మధ్యలో ఇనుప చీలతో కలుస్తాయి. చీల తీస్తే పట్టా మళ్లీ కాలుతుడుపు ముక్కే. కుడివైపు చీల లాగాను. ఎడమవైపుది లాగాను. రెండు పట్టాలూ నేల మీద పరుచుకున్నాయి. చీలలు రెండూ కొంగులో వేసి ముడేశాను.

"గదేం చేస్తున్నవు?" అన్నాడు సెక్రటరీ.

"పట్టాలు నేను చేసిన సార్. తాడు కడితే ఎక్కిస్త. ఎవలి పిల్లలు కూసున్నా గంతే. తాడు లేకుంటె నా పిల్లలు లేరు, ఇంకొకలి పిల్లలు లేరు, పట్టాలు లెవ్వు. మీ పెట్టెను లారీ మీద పెట్టుకోండ్రి."

ఆయన మా ఆయన కేసి చూశాడు. మగవాడు, తన మాట వింటాడనుకున్నాడు. పొద్దున నా భయానికి నవ్వి వెళ్లిన మా ఆయన, సుత్తి కింద పెట్టి, "ఆమె కొంగు ముడి ఇప్పుడు నాతోని కాదు సార్," అన్నాడు. పొద్దున చూద్దామని సణుక్కుంటూ సెక్రటరీ వెళ్లిపోయాడు. చీలలు కొంగులో ఉంచుకునే పడుకున్నాను. పక్కకు తిరిగినప్పుడల్లా నడుముకు గుచ్చుకున్నాయి.

తెల్లవారేసరికి మామ జతగాళ్లు, హాలేజీలో ఆయనతో పనిచేసినవాళ్లు, ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని వచ్చారు. మామ ట్యాంకు వెనక చట్రానికి మోకు కట్టి, ముడి మీద కాలు పెట్టి లాగి చూశాడు. ఒకాయన, "ఇంజను డ్రైవర్ ఎవలు?" అని అడిగితే, "మా కోడలు" అన్నాడు. "అయితె గంట ఎవలు కొడుతరు?" అన్నాడాయన. టబ్బులు దించేటప్పుడు గనిలో గంట కొడతారట, ఒక గంటకు ఆపడం, రెండింటికి దించడం. మామ నా కూతురికి పూజగదిలోని గంట తెచ్చిచ్చాడు. ఆపాలనిపిస్తే ఒక్కసారి కొట్టు, ఎందుకని ఎవరూ అడగరు అన్నాడు.

సెక్రటరీ కొత్త కోటు వేసుకుని వచ్చాడు. తాడు చూశాడు. నా కొంగు చూశాడు, ముడి అలాగే ఉంది. ఊరేగింపు బయల్దేరే పొద్దయింది.

"తాడు కనవడకుంట బంతిపూలన్న సుట్టుండ్రి," అన్నాడు చివరికి.

"పూలు చుడితే పట్టు జారుతది సార్," అన్నాను.

చీలల ముడి విప్పి, పట్టాల కొసలు కలిపి, ఒక్కొక్కటే గుచ్చాను. పిల్లలు టోపీలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. కొడుకు టోపీకి బొగ్గు మరక పోలేదు. కూతురు అప్పటికే ముభావంగా ఉంది. ట్యాంకుకు తాడు చూసి, అక్కడికొచ్చిన తన బడి పిల్లలు నవ్వారట.

"అమ్మా, ఢిల్లీల ట్యాంకులకు తాడు లేదు," అంది.

నేను వాళ్లిద్దరి ముందు కూర్చుని, టోపీల దారాలు గడ్డాల కింద ముడేస్తూ చెప్పాను.

"నవ్వేటోళ్లను నవ్వనియ్యిండ్రి. దిగుట్ల మీరు ముంగటికి చూడకుండ్రి, ఎనకకు చూడుండ్రి. తాత కనవడాలె, తాత చేతుల తాడు కనవడాలె. ఎవలన్న వచ్చి తాడు ఇప్పుమంటే, సెక్రటరీ సారైనా సరే, పెద్దసారైనా సరే, బిడ్డా నువ్వు గంట కొట్టు, తమ్ముని చెయ్యి పట్టుకో, ఇద్దరు దిగుండ్రి. నన్ను అడగకుండ్రి. నేను ఏమంటనో అని చూడకుండ్రి. దిగి పక్కకు నిలబడుండ్రి."